టికింటర్‌లో మెయిన్‌లూప్‌ను మొదలుపెట్టి, సక్రమంగా ముగించడం ఎలా?

టికింటర్ అంటే పైథాన్‌లో విండోలు, బటన్లతో ప్రోగ్రాములు రాయడానికి వాడే లైబ్రరీ. విండోస్‌లో అది పైథాన్‌తో పాటే వస్తుంది. ఉబుంటులో మాత్రం టికింటర్ ప్యాకేజీని విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. మూల విండోను ఒక్కసారే సృష్టించి, బటన్లూ లేబుళ్లూ అమర్చి, ప్రోగ్రాం చివరి వరుసలో మెయిన్‌లూప్‌ను, అంటే నొక్కుల కోసం ఎదురుచూస్తూ విండోను నడిపించే లూపును, పిలవండి. విండో మూసే దాకా ఆ వరుస కింద ఉన్న కోడ్ నడవదు కనుక అక్కడ ఏమీ రాయకపోవడమే పద్ధతి. రెండో విండో కావాలంటే టాప్‌లెవెల్ ఉంది. మెయిన్‌లూప్‌కు బదులు వైల్ లూపులో అప్‌డేట్‌ను తిప్పేవారు ఇంకా ఉన్నారు. అది సీపీయూను ఊరికే తినేసి, విండో మూయగానే ఎర్రర్‌తో ఆగిపోతుంది.

అసలు చిక్కంతా ముగించడంలోనే ఉంది. క్విట్ లూపును ఆపుతుందే తప్ప విండో జోలికి పోదు. ఆ తరువాత ఇంకేదైనా కోడ్ నడుస్తుంటే, అది పూర్తయ్యే దాకా విండో స్పందన లేకుండా తెర మీదే ఉండిపోతుంది. మూల విండో మీద డిస్ట్రాయ్‌ను పిలిస్తే విండోలన్నీ పోయి, లూపు దానంతటదే ముగుస్తుంది కాబట్టి ఎప్పుడూ దాన్నే వాడాలి. బటన్ కమాండ్‌గా ఇచ్చేటప్పుడు డిస్ట్రాయ్ పక్కన బ్రాకెట్లు పెట్టకండి. పెడితే బటన్ తయారు కాకముందే విండో మాయమవుతుంది.

మూలన ఉన్న ఇంటూ గుర్తును నొక్కినప్పుడు ఏం జరగాలో ప్రోటోకాల్ మెథడ్‌తో చెప్పవచ్చు. అయితే, ఒకసారి మీ ఫంక్షన్‌ను తగిలించాక టికింటర్ తనంతట తాను విండోను మూయదు. డిస్ట్రాయ్‌ను మీరే పిలవాలి. అది మరచి, ఎంత నొక్కినా మూతపడని విండోను వాడేవారి నెత్తిన పెట్టే ప్రోగ్రాములకు కొదవ లేదు.

డిస్ట్రాయ్‌కు ముందు చక్కబెట్టవలసినవి రెండున్నాయి. మొదటిది ఆఫ్టర్, అంటే కొంతసేపటి తరువాత ఒక ఫంక్షన్‌ను నడపమని చెప్పే మెథడ్. ప్రతి 1000 మిల్లీసెకన్లకు గడియారం లేబుల్‌ను మార్చే ఫంక్షన్ ఉందనుకోండి. అది తనను తాను మళ్లీ పిలిపించుకున్న ప్రతిసారీ కొత్త ఐడీ వస్తుంది. మొదటి ఐడీనే దాచుకుంటే లాభం లేదు. తాజా ఐడీని, ఆ పిలుపును రద్దు చేసే ఆఫ్టర్ క్యాన్సిల్‌కు ఇవ్వాలి.

రెండోది థ్రెడ్లు, అంటే విండోతో పాటే ప్రోగ్రాంలో పక్కన నడిచే పనులు. విండో కనుమరుగైనా, మామూలు థ్రెడ్ ఒక్కటి నడుస్తున్నా పైథాన్ దానికోసం ఆగుతుంది. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెస్ అలాగే కనిపిస్తుంది. డీమన్‌గా, అంటే ప్రోగ్రాం ముగియగానే ఆగిపోయే థ్రెడ్‌గా, మారిస్తే సరిపోతుందంటారు గాని, అప్పుడు థ్రెడ్ రాస్తున్న ఫైలు సగంలో తెగిపోవచ్చు. మూసే ఫంక్షన్‌లో, థ్రెడ్ ముగిసే దాకా ఆగే జాయిన్‌ను పిలవడం అంతకన్నా తప్పు: విండో బిగుసుకుపోతుంది, పైగా ఆ థ్రెడ్ అదే సమయంలో ఏ లేబుల్‌నో మార్చబోతే రెండూ ఒకదానికోసం ఒకటి ఎదురుచూస్తూ కూర్చుంటాయి. థ్రెడింగ్ మాడ్యూల్‌లో జెండాలా పనిచేసే ఈవెంట్‌ను సెట్ చేసి ఆగమని సంకేతమివ్వండి. థ్రెడ్ తన లూపులో దాన్ని చూసుకుంటూ ఉండాలి. అది ఇంకా బతికే ఉందేమో 100 మిల్లీసెకన్లకు ఒకసారి ఆఫ్టర్‌తో చూసి, ఆగాకే డిస్ట్రాయ్ చేయండి.

ప్రోగ్రాంను టెర్మినల్ నుంచి నడిపి, పని మధ్యలో ఉండగానే ఇంటూ నొక్కి పరీక్షించాలి. ఎర్రర్ వరుస ఒక్కటీ రాకుండా ప్రాంప్ట్ తిరిగి వచ్చిందంటే ముగింపు సరిగా ఉన్నట్టే.