వినోదం వార్త ముందురోజే రావాలి

మన జిల్లా పేజీ ఏదైనా తీసి చూడండి. 'ఘనంగా నాటకోత్సవం', 'అలరించిన కూచిపూడి', అన్నీ అయిపోయినవే. పని ముగించుకుని ఈ సాయంత్రం పిల్లల్ని ఎక్కడికైనా తీసుకెళ్దామా అని ఆలోచించే మనిషికి వాటితో ఒరిగేదేమీ లేదు. విజయవాడలోనో గుంటూరులోనో పత్రికకు స్థానిక వార్తలు పంపే కంట్రిబ్యూటర్‌గా కొత్తగా చేరినా, కాలనీ వాట్సాప్ గ్రూపుకు వార్తలు రాస్తున్నా, జనం తీరిక సమయం గురించి ముందే రాయడం అలవాటు చేసుకోండి.

ప్రెస్‌నోట్ కోసం కూర్చోవద్దు. వారం మొదట్లోనే విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రానికో, గుంటూరు వెంకటేశ్వర విజ్ఞాన మందిరానికో వెళ్లి ఏ సాయంత్రం ఎవరు బుక్ చేసుకున్నారో కనుక్కోండి, ఆ తర్వాత నిర్వాహకులకు ఫోన్ చేసి మళ్లీ సరిచూసుకోండి, ఎందుకంటే తేదీలు మారిపోతుంటాయి. ముఖ్యంగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: సన్మానాలు ముందా, నాటకం ముందా? ఆహ్వానపత్రంలో 6 గంటలని ఉంటుంది, దీపప్రజ్వలన, ఉపన్యాసాలు, శాలువాలు అయ్యేసరికి చంటిపిల్లలతో వచ్చినవాళ్లు లేచి వెళ్లిపోతారు. అందుకే మీరు రాసే నాలుగు లైన్లు ఇలా ఉండాలి:

'శనివారం కళాక్షేత్రంలో పద్యనాటకం. సభ 6కి, తెర లేచేది 7 దాటాక. ప్రవేశం ఉచితం, పాస్ అక్కర్లేదు. మెట్లు ఎక్కలేని పెద్దవాళ్లకు పక్క దారి ఉంది.'

ఇది ఊరికే చెప్పిన నమూనా. ఆ పక్క దారి నిజంగా ఉందో లేదో మీరే వెళ్లి చూసి రాయాలి. ముఖ్య అతిథుల పేర్లు చివర్లో, చోటు మిగిలితేనే. నిర్వాహకులు డబ్బిస్తే అది ప్రకటన, దాన్ని వార్తల్లో కలపకండి.

పార్కులకు, కృష్ణ ఒడ్డుకు వెళ్లినప్పుడు లైట్లు వెలుగుతున్నాయా, బాత్రూముకు తాళం వేశారా, చీకటి పడ్డాక ఆడవాళ్లు ఎంతమంది కనిపిస్తున్నారు అన్నది చూడండి, అసలు వార్త అక్కడుంది. అంతేగానీ బెంచీ మీద కూర్చున్న జంటను చాటుగా ఫోటో తీసి 'విచ్చలవిడి ప్రేమికులు' అని హెడ్డింగ్ పెట్టడం విలేకరి పని కానే కాదు. ఆ ఫోటో వల్ల ఆ అమ్మాయికి ఇంట్లో ఏం జరుగుతుందో ఒక్క క్షణం ఆలోచించండి. ఎవరి ముఖమైనా అడిగాకే తీయాలి, పిల్లలదైతే తల్లిదండ్రుల్ని అడగాలి.

గ్రంథాలయాలను మాత్రం వదిలేయొద్దు. తొలి ఆంధ్ర గ్రంథాలయ మహాసభ 1914లో జరిగింది ఈ బెజవాడలోనే, గ్రంథాలయోద్యమ నాయకులు అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో. ఈరోజుకీ మనం కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు పడుతోంది. ఉద్యోగాలకు వెళ్లినవాళ్లు ఇంటికొచ్చే వేళకే మీ పేటలో లైబ్రరీని మూసేస్తుంటే, ఆదివారం తలుపు తీయకపోతే, ఆ సెస్సు ఎంత వసూలైంది, గ్రంథాలయ సంస్థకు ఎంత జమ చేశారు, కొత్త పుస్తకాలకు ఎంత పెట్టారు అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. జిల్లా స్థాయి ఆఫీసులో ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఈలోగా ఆ లైబ్రరీ ఏ రోజుల్లో ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకు తెరిచి ఉంటుందో శనివారం పేజీలో వేయండి, ఆదివారం వెళ్లాలనుకునేవాళ్లకు పనికొస్తుంది.