కోడిపిల్లల మొదటి ఆరు వారాలు

పెరట్లో పెంచుకోవడానికి వనరాజా, గ్రామప్రియ పిల్లలను ఓ యాభై తెచ్చుకున్నవారు నెల తిరక్కుండానే సగం పోగొట్టుకుని, ఏదో తెగులు తగిలిందని బాధపడడం మన పల్లెల్లో తరచూ వినిపించే మాట. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ మన పెరళ్ల కోసమే రూపొందించిన గట్టి రకాలు ఇవి. అయినా పుట్టిన వారంలో ఏ రకం పిల్లకైనా గట్టితనం ఉండదు. నేను చూసినంతలో మొదటి వారంలో చనిపోయే పిల్లల్లో చాలావాటిని చంపేది తెగులు కాదు, చలీ తడీ. తెగుళ్లు కూడా ఎక్కువగా ఆ రెండింటి వెనకే వస్తాయి.

గుడ్డులోంచి బయటపడే ముందు పిల్ల మిగిలిన పచ్చసొనను తన కడుపులోకి లాక్కుంటుంది. ఆ సొన బలం మీదే అది రెండు మూడు రోజులు మేత లేకుండా బతకగలదు. గుడ్లు పొదిగించే హేచరీ నుంచి అట్టపెట్టెల్లో దూరప్రాంతాలకు పిల్లలను పంపగలుగుతున్నది అందువల్లనే. అయితే పిల్ల ఒంటికి తగిన వేడి అందకపోతే ఆ సొన సరిగా అరగదు, కడుపులోనే ఉండిపోయి కుళ్లుతుంది. ఒంటి మీద నూగు తప్ప ఈకలు లేని పిల్లకు తన వేడిని తాను నిలుపుకునే శక్తి రెండు మూడు వారాల వరకు రాదు కనుక, తల్లి రెక్కల కింది వెచ్చదనాన్ని మనమే కల్పించాలి.

పిల్లలు రావడానికి ముందురోజే బ్రూడర్, అంటే పిల్లలను వెచ్చగా ఉంచే చోటు, సిద్ధం కావాలి. గదిని కడిగి, సున్నం వేసి, బాగా ఆరిన తరువాత నేల మీద రెండు మూడు అంగుళాల మందాన పొడి వరి ఊక పరిచి, చుట్టూ అడుగున్నర ఎత్తు అట్టనో రేకునో గుండ్రంగా నిలబెట్టాలి. చలికి ముడుచుకున్న పిల్లలు మూలల్లో ఒకదాని మీద ఒకటి ఎక్కి ఊపిరాడక చనిపోతాయి కాబట్టి మూల అనేదే లేకుండా చేయాలి. మొదటి మూడు నాలుగు రోజులు ఊక మీద కాగితం పరిస్తే పిల్లలు ఊకను మేత అనుకుని తినవు. ఆ కాగితం నున్నటిది కాకూడదు. నున్నటి కాగితం మీద కాళ్లు జారి రెండు పక్కలకూ చీలిపోయిన పిల్ల మళ్లీ లేచి నిలబడడం కష్టం. అలా జరిగితే మెత్తటి పట్టీతో రెండు కాళ్లను మామూలుగా నిలబడే ఎడంలో వదులుగా కట్టి రెండు మూడు రోజులు ఉంచాలి. మొదటి రోజుల్లో గమనిస్తే చాలా పిల్లలు కోలుకుంటాయి.

వేడికి పిల్లకు ఒకటి నుంచి రెండు వాట్ల చొప్పున ఫిలమెంట్ బల్బులు కావాలి. యాభై పిల్లలకు ఒకే బల్బు కాకుండా 60 వాట్లవి రెండు పెడితే, ఒకటి మాడిపోయినా రెండోది కాపాడుతుంది. ఎల్‌ఈడీ బల్బు వెలుగే ఇస్తుంది, పిల్లలకు సరిపడా వేడి ఇవ్వదు. ఈ తేడా తెలియక నష్టపోయినవారు ఉన్నారు. మొదటి వారం పిల్లల వీపు ఎత్తున 35 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, ఆపైన వారానికి రెండు మూడు డిగ్రీల చొప్పున తగ్గిస్తూ రావాలి. వైశాఖ మాసపు పగటిపూట బల్బే అక్కర్లేకపోవచ్చు, పుష్య మాసపు రాత్రి రెండు బల్బులు కూడా చాలకపోవచ్చు.

థర్మామీటరు ఉంటే మంచిదే కానీ పిల్లలను మించిన కొలమానం లేదు. బల్బు కింద గుంపుగా చేరి కీచుమంటుంటే చలి. గోడవారకు పోయి నోరు తెరిచి రెక్కలు జార్చి ఉంటే ఎండవేడి వంటి సెగ. అన్నీ ఒకే పక్కకు చేరితే ఎటునుంచో గాలి కొడుతున్నట్టు. గది అంతటా చెదిరి కొన్ని తింటూ, కొన్ని కాళ్లు చాపి పడుకుని, సన్నగా కిచకిచలాడుతుంటే అంతా సరిగా ఉన్నట్టు. నేను మొదటిసారి పెంచినప్పుడు కార్తీకంలో ఒక రాత్రి మూడు గంటలప్పుడు కరెంటు పోయింది. తెల్లవారి గది తలుపు తీసేసరికి అటుపక్క పిల్లలన్నీ ఒక ముద్దగా కనిపించాయి. పైవాటిని ఒక్కొక్కటే తీస్తూ పోతే అడుగున పదకొండు పిల్లలు నూగు తడిసి, బల్లపరుపుగా అణగారి ఉన్నాయి. అప్పటినుంచి మొదటి రెండు వారాలు పక్కన ఫ్లాస్కులో వేడినీళ్లు పెట్టుకునే పడుకుంటున్నాను. కరెంటు పోతే ఆ నీటిని సీసాల్లో పోసి, గుడ్డ చుట్టి, పిల్లల మధ్య నిలబెడితే రెండు మూడు గంటలు గడుస్తాయి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రం పెట్టకండి, దాని విషవాయువు పిల్లలకే కాదు, మనుషులకూ ప్రాణాంతకం. చలికి భయపడి నాలుగు వైపులా ప్లాస్టిక్ పట్టాలు బిగించడం కూడా పొరపాటే. గోనె పట్టాలు కట్టి, పైన జానెడు ఖాళీ వదలాలి; లోపలికి వెళ్లగానే రెట్ట ఘాటుకు మన కళ్లు మండితే పిల్లల కళ్లు అంతకుముందే మండుతున్నాయని అర్థం.

పిల్లలు రాగానే ముందు నీళ్లు, తరువాతే మేత. కాచి చల్లార్చిన నీటిలో కొద్దిగా బెల్లం లేదా గ్లూకోజు కలిపి, మొదట కొన్ని పిల్లల ముక్కులను నీటిలో తాకిస్తే మిగిలినవి వాటిని చూసి నేర్చుకుంటాయి. తీపి నీరు మొదటి పూటకే, తరువాత మంచినీరే. పళ్లెంలో గులకరాళ్లు వేస్తే పిల్లలు పడి తడవవు. రెండు మూడు గంటల తరువాత కాగితం మీద మొక్కజొన్న రవ్వ చల్లి, రెండో రోజు నుంచి చిన్న పిల్లలకని అమ్మే చిక్ స్టార్టర్ దాణా పెట్టాలి. దానిలో మాంసకృత్తులు 20 శాతానికి తగ్గకూడదు. నూకలు ఒక్కటే పెడితే కడుపు నిండుతుంది కానీ ఎదుగుదల ఉండదు. బూజు పట్టిన వేరుశనగ చెక్క, మొక్కజొన్న ఎంత చవకగా దొరికినా పనికిరావు, వాటిలోని అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

మొదటి రోజు రాత్రి పది పిల్లలను చేతిలోకి తీసుకుని మెడ కింది మేతసంచిని వేలితో తడమండి. మెత్తగా, నిండుగా తగిలితే తిని తాగినట్టు. ఖాళీగా ఉంటే తినలేదు. గట్టిగా ఉంటే తిన్నది కానీ నీళ్లు తాగలేదు. అప్పుడే పిల్ల పాదాలను మీ చెంపకు ఆనించండి. చల్లగా తగిలితే గది చలిగా ఉన్నట్టే. అలాగే తోక కింద రెట్ట ఎండి అతుక్కుపోయి దారి మూసుకుపోతే గోరువెచ్చని నీటిలో దూది ముంచి నానబెట్టి తుడవాలి, లాగితే చర్మం ఊడుతుంది. తుడిచిన పిల్లను ఆరేవరకు వెచ్చగా ఉంచాలి. పొట్ట మీద ఎండిన బొడ్డు పొక్కును మాత్రం పీకకూడదు.

మొదటి వారంలో బొడ్డు తడిగా, పొట్ట ఉబ్బి, చెడు వాసన వస్తుంటే అది బొడ్డు వాపు. మురికి గుడ్లను పొదిగించడమే దీనికి ముఖ్య కారణం, దాదాపు నయం కాదు. ఆ పిల్లను వేరుచేయాలి. సుద్ద వంటి తెల్లని రెట్ట వేస్తూ, రెట్ట వేసేటప్పుడల్లా అరుస్తూ కునికిపాట్లు పడితే తెల్లపారుడు అని అనుమానించాలి. ఇది తల్లి నుంచి గుడ్డు ద్వారా కూడా రాగలదు, బతికి బయటపడ్డవి కూడా ఆ క్రిములను మోస్తూనే ఉంటాయి కనుక వాటి గుడ్లను పొదిగించకూడదు. చప్పుడు లేకుండా నోరు తెరిచి ఎగశ్వాస తీస్తుంటే ముందు ఊకను పిడికిలితో తీసి వాసన చూడండి. బూజు వాసన తగిలితే ఆ శిలీంధ్రం ఊపిరితిత్తులకు చేరినట్టే, ఊకంతా ఆ రోజే మార్చాలి.

మూడో వారం నుంచి ఆరో వారం వరకు అసలు శత్రువు రక్తపారుడు, అంటే కాక్సిడియోసిస్. రోగపు పిల్ల రెట్టలోని గుడ్ల వంటి కణాలు తేమ, వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజుల్లో అంటుకునే దశకు వస్తాయి. పొడిగా ఉంటే రావు. అందుకే నీటి పాత్రను ఇటుక మీద పెట్టి, దాని చుట్టూ తడిసిన ఊకను రోజూ తీసేసి, మిగిలినదాన్ని తిరగేస్తే సగం వైద్యం చేసినట్టే. ఊకను పిడికిట బిగించి వదలండి. ముద్ద కడితే తడి ఉన్నట్టు. రెట్టలో రక్తం కనిపించిన రోజే పశువైద్యుని సలహాతో ఆంప్రోలియం మందును కోడిపిల్లలన్నీ తాగే నీటిలో ఇవ్వాలి. ఆ రోజుల్లో బలానికని బి1 ఎక్కువగా ఉన్న విటమిన్ మందు కలపకండి, ఆంప్రోలియం పని తగ్గిపోతుంది.

కొక్కెర తెగులుకు (రాణిఖేత్) మందు లేదు, టీకా ఒక్కటే దారి. 5 నుంచి 7 రోజుల మధ్య దానికి లసోటా అనే టీకా చుక్క కంటిలో, 14వ రోజు గంబోరో తెగులు టీకా, 28వ రోజు మళ్లీ లసోటా వేయించి, ఆరో వారంలో మశూచి టీకా, ఎనిమిదో వారంలో కొక్కెర తెగులుకే ఆర్2బి అనే టీకా వేయించాలి. మారెక్స్ అనే మరో తెగులుకు టీకా హేచరీలోనే మొదటిరోజు వేసి పంపారో లేదో కొనేటప్పుడే అడగాలి. సీసాలో డోసులు వందల్లో ఉంటాయి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి కనుక చుట్టుపక్కల ఇళ్లవారు ఒకేరోజు వేసుకుంటే ఖర్చూ కలిసొస్తుంది, వీధిలోని కోళ్లన్నీ నిలబడతాయి. సీసాను ఐసు ముక్కల మధ్యే తేవాలి, పొద్దున్నే వేయాలి, చుక్క వేశాక పిల్ల కన్ను ఆర్పేవరకు చేతిలోనే ఉంచాలి. జబ్బుగా ఉన్న పిల్లలకు టీకా వద్దు.

పిల్ల నీరసించగానే దుకాణంలో ఇచ్చిన యాంటీబయాటిక్ నీళ్లలో కలిపేయడం మానండి. ఆహార పశుపక్ష్యాదులకు కోలిస్టిన్ వాడకాన్ని కేంద్రం 2019లో నిషేధించింది, ఎందుకంటే మనుషులకు చివరి ఆసరాగా మిగిలిన మందుల్లో అదొకటి. పిల్లలు వరుసగా చనిపోతుంటే అప్పుడే చనిపోయిన ఒకదాన్ని కవరులో చుట్టి పశువైద్యశాలకు తీసుకెళ్తే, కోసి చూసి చెప్పగలరు. మనం వర్ణించి చెప్పేదానికన్నా అది ఎంతో నయం. చనిపోయిన మిగిలినవాటిని సున్నం చల్లి లోతుగా పాతిపెట్టాలి.

నాటుపెట్ట తానే పొదిగి 21వ రోజున పిల్లలు లేపితే బల్బు గొడవ లేదు. అయితే తల్లి ఒంటి మీది పేలు, గోమార్లు పిల్లలకు ఎక్కి పీడిస్తాయి కాబట్టి, పొదుగుకు కూర్చోబెట్టే ముందే దాన్ని పరిశీలించి గంపలోని పాత గడ్డిని కాల్చేయాలి. మొదటి వారం తల్లినీ పిల్లలనూ గంప కింద ఉంచి, పిల్లల మేతను తల్లికి అందకుండా వేరే పెట్టాలి.

ఆరో వారం నిండి ఈకలు బాగా కమ్మిన తరువాతే పిల్లలను పెరట్లోకి వదలాలి. మొదటి నాలుగైదు రోజులు సాయంత్రం రెండు గంటల పాటు, మనం దగ్గర ఉండి వదిలితే గద్ద, ముంగిస, కుక్కల నుంచి కాపాడవచ్చు. చీకటి పడకముందే గూట్లో మేత వేసి, రోజూ ఒకే పిలుపుతో పిలిస్తే వారం తిరిగేసరికి వాటంతట అవే లోపలికి వస్తాయి. తలుపు గడియ వేసే ముందు లెక్కపెట్టుకోండి.