కానుగ నూనెతో బయోడీజిల్ – 3వ పాఠం: నూనెలో ఆమ్లం కొలవడం

పోయిన పాఠంలో కానుగ గింజలు ఎండబెట్టి, గానుగాడించి, నూనె వడగట్టుకున్నాం. ఇక మిథనాల్, కాస్టిక్ సోడా కలిపేద్దామని చెయ్యి ఆగదు. ఆపండి.

నా మొదటి సీసా సంగతి చెప్తాను. ఎంవీపీ కాలనీలో మా వీధి చెట్ల కింద ఏరిన గింజలవి. వానకి నానాయి, నేను పట్టించుకోలేదు. కాస్టిక్ సోడా ఉజ్జాయింపుగా కలిపేశాను. తెల్లారేసరికి పైన బయోడీజిల్, అడుగున గ్లిజరిన్ విడిపోవాలి. సీసా వంచితే ఏదీ కదల్లేదు. అంతా గోధుమరంగు జావ, ముట్టుకుంటే జారుడు. సబ్బు! తడిసిన గింజల నూనెలో కొవ్వు ఆమ్లాలు విడివడి ఉంటాయి. కాస్టిక్ సోడా ముందు వాటినే పట్టుకుంటుంది, అసలు పనికి మిగలదు.

అందుకే ఈ కొలత. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 1 గ్రాము కాస్టిక్ సోడా కరిగించండి. గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. విశాఖ గాలి సంగతి తెలిసిందే, మూత తీసిన ఉప్పు డబ్బా పూటలో చెమ్మగిల్లుతుంది. కాస్టిక్ సోడా ఇంకా ఘోరం, తూచేలోపే పలుకులు చెమరుస్తాయి, ఆ తడీ తూకంలో పడుతుంది. త్వరగా తూచి మూత బిగించండి.

గాజు గ్లాసులో 10 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 1 మి.లీ. నూనె, రెండు చుక్కల ఫినాల్ఫ్తలీన్ (ఆమ్లం తీరిపోగానే గులాబీ రంగు తిరిగే ద్రావణం) వెయ్యండి. సిరంజితో ఆ కాస్టిక్ సోడా నీళ్లు చుక్కచుక్కగా వదులుతూ కలపండి. కానుగ నూనె ముదురు రంగు కాబట్టి గ్లాసు కింద తెల్లకాగితం పెట్టండి. గులాబీ రంగు మెరిసి మాయమవుతుంటే ఇంకా కావాలన్నమాట. అర నిమిషం నిలిచిందా, ఆపి సిరంజి చూడండి.

2 మి.లీ. పట్టిందనుకోండి. అంటే లీటరు నూనెలోని ఆమ్లానికి 2 గ్రాముల కాస్టిక్ సోడా కావాలన్నమాట. మామూలుగా లీటరు నూనెకి కావలసిన 3.5 గ్రాములకి ఆ 2 కలిపితే 5.5 గ్రాముల కాస్టిక్ సోడా. లెక్క అంతే. పాడేరు వైపు నుంచి వచ్చిన గింజలైనా, వీధిలో ఏరినవైనా, ఆడించిన ప్రతిసారీ కొలవాల్సిందే.

3 మి.లీ. దాటితే మాత్రం సోడా పెంచుకుంటూ పోకండి, సబ్బే మిగులుతుంది. కానుగ నూనె తరచూ దాటుతుంది కూడా. అలాంటి నూనెని ముందు సల్ఫ్యూరిక్ ఆమ్లం, మిథనాల్‌తో దారికి తెచ్చుకోవాలి. అది 4వ పాఠం. ఈలోగా కొత్త నూనె ఒకటి, పాతబడ్డది ఒకటి కొలిచి, రెండు అంకెలూ రాసి ఉంచుకోండి.