ఓరుగల్లు కోటను దండయాత్రల వరుసలో చూడాలంటే

నేరుగా కాకతీయ రాతి తోరణాల దగ్గరికి పోకండి. మా పిల్లల్ని నేనెప్పుడూ ముందు బయటి మట్టికోట దగ్గరే ఆపుతాను. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫూర్ సేన ఆ గోడను ఛేదించాకే కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు సంధికి ఒప్పుకున్నాడు.

తర్వాత కందకం దాటి రాతికోట ద్వారంలోకి నడిచే వెళ్లండి, బండి మీద వద్దు. దారి మలుపు తిరుగుతుంది. దూసుకొచ్చే ఏనుగుల వేగం అక్కడే తగ్గాలి. రాళ్ల మధ్య సందులో వేలు పెట్టి చూడండి, సున్నం తగలదు. ఇంత గట్టి కోట కూడా 1323లో ఢిల్లీ యువరాజు ఉలుఘ్ ఖాన్‌కు దక్కింది, ప్రతాపరుద్రుడు బందీ అయ్యాడు. నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

తోరణాలు చివర్లో. నాలుగింటి నడుమ ఉన్న స్వయంభూ శివాలయం శిథిలాలే మిగిలాయి. పైన హంసల్ని ఫోటో తీశాక, కింద పడున్న చెక్కడపు రాళ్ల దగ్గర కాసేపు కూర్చోండి. పక్కనే ఖుష్ మహల్, కాకతీయుల తర్వాత కట్టిన దర్బారు మందిరం. దాని వాలు గోడలు చూస్తే పాలకులు మారారని పిల్లలకు చెప్పక్కర్లేదు.