పాస్టర్ గారు మారేటప్పుడు సంఘం చేయాల్సిన పనులు

సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాల్లో పాస్టర్ బదిలీ బిషప్ ఉత్తర్వుతో వస్తుంది, స్వతంత్ర సంఘాల్లో పెద్దలే నిర్ణయిస్తారు. కడపలో అయినా, గుత్తిలో అయినా, అప్పగింత కాగితం మీద జరగాలి.

పాత అయ్యగారు సామాన్లు సర్దకముందే ఇద్దరు పెద్దలు ఆయనతో కూర్చుని బాప్తిస్మం, వివాహం, సమాధి రిజిస్టర్లు తెరవాలి. చివరి నంబరు రాసుకొని, సంతకాల్లేని నమోదులు ఆయన చేతనే పూర్తి చేయించండి. ఇది వాయిదా వేస్తే, పాస్‌పోర్టుకో వీసాకో పెళ్లి సర్టిఫికెట్ కావాల్సిన కుటుంబం ఆయన్ను వెతుక్కుంటూ ఊళ్లు తిరగాలి. స్వతంత్ర సంఘాలు మరో సంగతి చూడాలి: 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద పెళ్లి జరిపించే లైసెన్సు వ్యక్తికి ఇస్తారు, సంఘానికి కాదు. కొత్త పాస్టర్‌కు అది లేకపోతే, ఒప్పుకున్న పెళ్లిళ్లకు లైసెన్సు ఉన్నవారిని ముందే పిలుచుకోవాలి.

కానుకల పెట్టె అందరి ముందు లెక్కపెట్టి, కమిటీ తీర్మానం నకలుతో బ్యాంకులో సంతకాలు మార్పించండి. ప్రభు భోజన సంస్కారపు గిన్నెలు, మైకుసెట్టు, పాస్టర్ ఉండే బంగళా తాళాలు, కరెంటు బిల్లు జాబితాలో చేర్చి ముగ్గురూ సంతకం చేయాలి: ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు, సెక్రటరీ.

పల్లె సంఘాలను మరవకండి. సంస్కారం ఏ ఆదివారం ఎక్కడో, మంచంలో ఉన్న పెద్దవాళ్లు ఎవరో ఉపదేశి (పల్లె సంఘాన్ని చూసుకునే బోధకుడు) చేత రాయించి, మొదటి వారంలోనే కొత్త అయ్యగారిని వాళ్లింటికి తీసుకెళ్లండి.

వెళ్లినాయన్ను పెళ్లికి పిలవాలంటే కొత్తాయనను అడిగే పిలవండి. చాటుగా పిలిస్తే సంఘం రెండు వర్గాలవుతుంది.