కడుపు ఆపరేషన్‌కు తేదీ ఖాయం చేసే ముందు పేగుల అతుకుల గురించి అడగండి

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు మన ఇళ్లలో ఆపరేషన్లకూ ఒక రుతువు ఉంది. వరి నూర్పులు అయిపోయి, సంక్రాంతి వెళ్లాక, ఎండలు ముదరక ముందు గర్భసంచి, హెర్నియా, పిత్తాశయంలో రాళ్లు అన్నీ వరుసకు వస్తాయి. ఎవరు విశాఖ వెళతారో, ఎవరు బరంపురం వెళతారో, తోడు ఎవరో, పత్యం ఎన్నాళ్లో అన్నీ మాట్లాడుకుంటాం. పైన కోత మానాక లోపల ఏం జరుగుతుందో మాత్రం అడగం.

పేగుల మీద పలుచని, నున్నని పొర ఉంటుంది. దాని వల్లనే అవి ఒకదాని మీద ఒకటి జారుతూ కదులుతాయి. ఆపరేషన్‌లో ఆ పొర ఒరుసుకున్నా, ఆరిపోయినా, నెత్తురు నిలిచినా, చీము చేరినా దెబ్బతింటుంది. గంటల్లోనే అక్కడ ఫైబ్రిన్ అనే జిగురు పేరుకుంటుంది. చాలాచోట్ల కొద్ది రోజుల్లో శరీరమే దాన్ని కరిగించుకుంటుంది. కరగని చోట వారం తిరిగేసరికి పీచు పట్టి గట్టి పట్టీగా మారుతుంది. పేగు పేగుకో, పొట్ట గోడకో, గర్భసంచికో అతుక్కుంటుంది. డాక్టర్లు వీటిని అడ్హీషన్లు అంటారు. పొట్ట కోసి చేసే ఆపరేషన్ల తరువాత ఎక్కువ మందిలో ఇవి ఎంతో కొంత ఏర్పడతాయి. చాలామందికి జన్మంతా ఆ సంగతే తెలియదు. కొందరికి మాత్రం ఏళ్ల తరువాత పేగు మెలిపడి దారి మూసుకుపోతుంది. ఆడవాళ్లలో అండవాహికలు అతుక్కుంటే గర్భం రావడం కష్టమవుతుంది.

నివారణ చాలావరకు సర్జన్ చేతిలోనే ఉంది. మన చేతిలో ఉన్నది ఒక ప్రశ్న: ఈ ఆపరేషన్ తప్పనిసరా? తెల్లబట్ట అవుతోందనో, నడుము నొప్పి అనో గర్భసంచి తీయించుకోమంటే, ఇంకో డాక్టరుకు చూపించకుండా ఒప్పుకోవద్దు. కోయని పొట్టలో కోత వల్ల వచ్చే అతుకు ఉండదు. తప్పదంటే లాపరోస్కోపీ వీలవుతుందా అని అడగండి. చిన్న రంధ్రాలతో చేస్తే అతుకులు సాధారణంగా తక్కువ. గ్లౌజులకు పౌడరు లేకుండా చూస్తారా అనీ అడగవచ్చు. ఆ పొడి కడుపులో పడి అతుకులకు కారణమవుతుందని తెలిసే అమెరికా 2017 జనవరి నుంచి పౌడరు గ్లౌజులను నిషేధించింది. పేగుల మధ్య అడ్డుగా పరిచే కరిగిపోయే పొరలు కూడా ఉన్నాయి. ఖరీదు ఎక్కువ, అందరికీ అవసరం ఉండదు, అతుకులను తగ్గిస్తాయే తప్ప పూర్తిగా ఆపలేవు.

ఇంటికొచ్చాక అతుకులు కరిగించే ఆకుపసరు, మాత్ర ఉందని ఎవరైనా చెబితే నమ్మకండి. డాక్టరు లేవమన్న రోజు నుంచి మెల్లగా నడవండి. నడక అతుకులను ఆపుతుందని హామీ లేదు కానీ కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా, ఊపిరితిత్తుల్లో కఫం పట్టకుండా కాపాడుతుంది. జ్వరం వచ్చినా, కోత దగ్గర చీము కనిపించినా వెంటనే చూపించండి.

మా మేనత్తకు అపెండిక్స్ తీసిన తొమ్మిదేళ్లకు ఒక రాత్రి పొట్ట మెలిపెట్టింది. ఇంట్లో పెద్దలు గ్యాస్ అని ఆముదం పట్టించారు, పొట్ట తోమించారు. తెల్లవారేసరికి పచ్చని వాంతులు. అక్కడి నుంచి జీపు దొరకడానికి పట్టిన సమయం మేమెవరం మరచిపోలేదు. ఆసుపత్రిలో ముక్కులోంచి గొట్టం వేసి, సెలైన్ పెట్టి, ఆపరేషన్ లేకుండానే తేల్చారు. అందరికీ అలా తేలదు.

కాబట్టి పాత కోత ఉన్నవారికి పొట్ట ఉండి ఉండి మెలిపెడుతూ, ఉబ్బి, వాంతులవుతూ, విరేచనంతో పాటు గాలి కూడా పోకపోతే నోటికి ఏమీ ఇవ్వకండి. ఆముదం, విరేచనాల మందు అసలే వద్దు. పేగు దారి మూసుకున్నప్పుడు అవి ప్రమాదాన్ని పెంచుతాయి. నొప్పి విడవకుండా ఉన్నా, జ్వరం తోడైనా పేగుకు రక్తం ఆగిపోతుండవచ్చు. విశాఖ రైలు కోసం ఎదురుచూడకుండా దగ్గరలో సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. ఒకసారి ఇలా అయినవారు వెదురు కొమ్ములు, పనస లాంటి పీచు తిండి విషయంలో డాక్టరును అడగండి, తిన్నది మెత్తగా నమలండి. పళ్లు ఊడిన పెద్దవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

డిశ్చార్జి కాగితాన్ని ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి. ఆంధ్రలో కోసిన పొట్టను రాత్రివేళ ఒడిశాలో చూసే డాక్టరుకు అదే ఆధారం. "ఇంతకుముందు ఆపరేషన్ అయిందా?" అంటే మన ఆడవాళ్లు పిల్లలు పుట్టకుండా చేయించుకున్న ఆపరేషన్‌ను లెక్కలోకి తీసుకోరు. దాన్నీ, సిజేరియన్‌నూ చెప్పాలి. ఒడియా రాకపోతే మూడు మాటలు చాలు: పొట్టను పేటొ అంటారు, వాంతిని బాంతి, విరేచనాన్ని ఝాడా.