లివర్ క్యాన్సర్ ముదిరాక ఆపరేషనా, కరెంటా (రేడియేషనా)? ఒప్పుకునే ముందు ఇవి చూసుకోండి

మా పెద్దబాపుకు లివర్ క్యాన్సర్ అని తేలగానే ఇంట్లో అందరిదీ ఒకటే మాట, "కోసి తీసేస్తే పోతది" అని. ఆ మాట పట్టుకుని హనుమకొండ నుంచి హైదరాబాద్ దాకా ఆపరేషన్ చేసే డాక్టర్ కోసమే పదిహేను రోజులు తిరిగాం. గడ్డ సైజు అందరినీ అడిగాం గానీ, మిగతా లివర్ ఎట్లా ఉందని ఒక్కరినీ అడగలేదు.

ముందు అడగాల్సింది అదే. ఈ క్యాన్సర్ ఎక్కువగా తాగుడు వల్లో, హెపటైటిస్ బి వల్లో, కొవ్వు పేరుకునో అప్పటికే గట్టిపడిన (దీన్నే సిరోసిస్ అంటారు) లివర్‌లో వస్తుంది. కోసేటప్పుడు గడ్డతో పాటు చుట్టుపక్కల భాగం కూడా పోతుంది కదా, మంచి లివర్ అయితే సుమారు 30 శాతం, సిరోసిస్ ఉంటే 40 శాతమైనా మిగలాలి, లేదంటే గడ్డ పోయినా లివర్ ఫెయిలై మనిషి దక్కడు. అందుకే లివర్ ఎంత బాగా పనిచేస్తుందో చెప్పే చైల్డ్ పగ్ స్కోరు ఏనా, బీనా, సీనా అని అడగండి, ఏ అంటే బాగున్నట్టు, సీ అంటే బాగా దెబ్బతిన్నట్టు. సీ అయితే కోత పెట్టరు, మామూలుగా కరెంటు కూడా పెట్టరు.

రెండోది పోర్టల్ వెయిన్, అంటే పేగుల నుంచి లివర్‌కు రక్తం తెచ్చే పెద్ద నరం. క్యాన్సర్ అందులోకి పాకితే ముదిరినట్టే. అప్పుడు ఒట్టి ఆపరేషన్‌తో మళ్లీ తిరగబెట్టే భయం ఎక్కువ. చైనాలో ఇలాంటి 164 మందిపై చేసిన పరిశోధన 2019లో వచ్చింది, నేరుగా ఆపరేషన్ చేసినవాళ్లలో ఏడాదికి 43 శాతం బతికుంటే, ముందు రేడియేషన్ ఇచ్చి తర్వాత కోసినవాళ్లలో 75 శాతం ఉన్నారు. అయితే వాళ్లంతా ఆపరేషన్‌కు తట్టుకునే లివర్ ఉన్నవాళ్లే. చాలామందికి ఈ దశలో అసలు వైద్యం ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి లేపే ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్లే, కాబట్టి సర్జన్ ఒక్కరి మాటతో ఆగకుండా మందులిచ్చే క్యాన్సర్ డాక్టర్‌కూ, రేడియేషన్ డాక్టర్‌కూ చూపించండి. ఆ ఇంజెక్షన్లలో బెవాసిజుమాబ్ అనే మందు ఉంటే ముందు ఎండోస్కోపీ చేయించాలి, అన్నవాహికలో ఉబ్బిన నరాలుంటే రక్తం కారే ప్రమాదం ఉంది.

కరెంటుకు కోత లేదు, గడ్డ మీదే గురిపెట్టి ఎక్కువ డోసు ఇచ్చే ఎస్‌బీఆర్‌టీ అయితే ఐదారు సిట్టింగ్‌లలోపే అయిపోతుంది. అయినా తేలిగ్గా తీసుకోవద్దు. అయిపోయిన కొన్ని వారాలకు, ఒక్కోసారి మూడు నాలుగు నెలలకు కూడా లివర్ దెబ్బతిని కడుపులో నీరు చేరొచ్చు. పొట్ట ఉబ్బినా, కళ్లు పచ్చబడినా అదే రోజు వెళ్లండి. హెపటైటిస్ బి ఉంటే ఏ వైద్యమైనా మొదలవక ముందే దాని మాత్రలు పడాలి, లేకపోతే వైరస్ మళ్లీ లేవొచ్చు.

కల్లు, గుడుంబా పూర్తిగా బంద్. కామెర్లకని ఊర్లో పోసే పసరు మందు దయచేసి తాగించకండి, మిగిలిన లివర్‌ను కూడా అది తినేయొచ్చు. ఒళ్లు నొప్పులని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొని వేయడమూ మానండి, కిడ్నీలు దెబ్బతినొచ్చు.

హైదరాబాద్ వెళ్లేటప్పుడు ట్రైఫేసిక్ సీటీ (రంగు మందు ఎక్కించి లివర్‌ను మూడు దశల్లో తీసే స్కాన్) రిపోర్టుతో పాటు స్కాన్ సీడీ కూడా పట్టుకెళ్లండి, డాక్టర్లు బొమ్మలే చూస్తారు. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్తే ఆరోగ్యశ్రీ కాగితాలు దగ్గరుంచుకోండి. సిట్టింగ్‌లు నడిచే రోజుల్లో కాజీపేట నుంచి రోజూ రైల్లో తిప్పితే మనిషి నీరసించిపోతాడు, దగ్గర్లోనే ఒక గది చూసుకోండి.